బోర్డు మీద బొట్టు

మా సెంటర్‌కి బోర్డులు పాలిథిన్ కవర్లలో వస్తాయి, టిఫిన్ డబ్బాల్లో వస్తాయి, ఒక్కోసారి చొక్కా జేబులో కూడా వస్తాయి. జాకెట్ ముక్కలో చుట్టుకుని వచ్చింది మాత్రం అదొక్కటే. ఆకుపచ్చ పట్టుముక్క, అంచుకి సన్నటి జరీ. దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ఒక పెద్దాయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

అది రెండువేల ఐదు. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా జావా, ఏ స్తంభం చూసినా డాట్‌నెట్. బస్సు దిగి మైత్రివనం దాటేలోపు చేతిలో ఇన్ని కరపత్రాలు కుక్కేవాళ్లు, ఇంటికెళ్లి వంటింటి అల్మరా అంతా పరుచుకోవచ్చు. అందరూ సాఫ్ట్‌వేర్ వైపు పరిగెడుతుంటే మా సెంటర్ ఇంకా చిప్పులూ వైర్లూ పట్టుకుని వేలాడేది. ఇంజనీరింగ్ పిల్లలకి ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులు చేయిస్తాం అని బయట రాసుంటుంది. చేయించడం కాదు, చేసి చేతిలో పెట్టడం అని ఊరందరికీ తెలుసు. ఓనరు జోగారావు గారిది ఏలూరు. ఆయన సూత్రం ఒక్కటే, అవుట్‌పుట్ కనపడాలి. అది ఎలా కనపడిందో ఆ భగవంతుడికీ మాకూ తెలిస్తే చాలు.

అక్కడ హార్డ్‌వేర్ చూసేది నేను. పేరు వనిత. చదివింది ఇంజనీరింగే, కానీ నా నోరు చూసి ఎవరూ నమ్మేవాళ్లు కాదు. "నోరు మంచిగుంటే ఊరు మంచిగుంటది బిడ్డా" అని మా అమ్మ చెప్పి చెప్పి అలిసిపోయింది. ఆ రోజు కూడా ఆ నోరే ముందు లేచింది.

"అమ్మా, ఇది కంప్యూటర్‌తో మాట్లాడాలి. మాట్లాడుతోంది గానీ ఒక్క ముక్క అర్థం కావట్లేదు," అన్నారు పెద్దాయన, పట్టుముక్క విప్పుతూ.

"ఎవరి ప్రాజెక్ట్ సార్?"

"మా అమ్మాయిది."

"మరి అమ్మాయినే పంపియ్యుండ్రి సార్. రేపు వైవాల సార్లు అడిగితే మీరు పోయి చెప్తరా? ఈ పిల్లలకు నాయనలను తోలుడు మస్తు అలవాటైంది."

ఆయన పట్టుముక్క అంచు సర్దారు. సర్దిందే మళ్లీ సర్దారు. "అమ్మాయి లేదమ్మా. పోయిన ఏడాది పోయింది," అన్నారు.

నా నోరు పడిపోయింది. కుర్చీ లాగి వేశాను, మంచినీళ్లు ఇచ్చాను.

ఆయన పేరు చలపతిరావు. ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు, ఇల్లు పంజాగుట్టలో. ఒక్కతే కూతురు హైందవి. ఈ బోర్డు ఆ పిల్ల ఇంట్లో తన బల్ల మీద కూర్చుని సొంతంగా అతికిందట. అది అబద్ధం కాదని చూస్తేనే తెలుస్తుంది. మా సెంటర్లో అచ్చుగుద్దినట్టు తయారయ్యే బోర్డుల్లా లేదు. సీసం అతుకులు కొన్ని లావు, కొన్ని సన్నం, ఒకచోట వైరు కాస్త కాలి నల్లబడింది. నేర్చుకుంటూ చేసిన చెయ్యి.

బోర్డుకి కరెంటు ఇవ్వగానే అందులోని చిప్పు ఒక లైను పంపిస్తుంది, అది కంప్యూటర్ తెర మీద పడుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలందరూ ముందు చేసేది అదే. అందరూ హలో వరల్డ్ అని పెట్టుకుంటారు. హైందవి తన సొంత లైను పెట్టుకుంది. పిల్ల పోయాక వాళ్లమ్మ రత్నమాల గారు రోజూ దీపాలవేళ ఆ బోర్డు ఆన్ చేస్తారు. తెర మీద లైను పడుతుంది. చదివి, కంచంలో అన్నం వడ్డించి తెర ముందు పెడతారు. కాసేపాగి ఆ అన్నమే తను తింటారు. ఆ లైను పడితేనే తింటారు.

"కొన్ని వారాలుగా పిచ్చి గీతలు వస్తున్నాయమ్మా. గడులు, సున్నాలు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు. మా ఆవిడ, అమ్మాయికి కోపం వచ్చిందంటోంది. తను చేసింది అమ్మాయికి ఇప్పుడు తెలిసొచ్చింది అంటోంది. రాత్రి భోజనం మానేసింది. పగలు కూడా ఏదో ఇంత కతుకుతుంది. చీర కుచ్చిళ్లు నిలవట్లేదు."

"ఏం లైన్ సార్ అది?"

"చెప్పనమ్మా."

నేను బిత్తరపోయి చూశాను. ఆయన ఏమాత్రం తగ్గకుండా, అలాగని కోపంగా కూడా కాకుండా అసలు సంగతి చెప్పారు. మాకంటే ముందు పక్క గల్లీలో ఇంకో సెంటర్‌కి వెళ్లారట. లైను ఏంటని అడిగితే చెప్పేశారట. ఈయన టీ తాగి వచ్చేలోగా వాళ్లు కొత్త చిప్పులో ఆ లైను రాసి, గుచ్చి, అవుట్‌పుట్ చూపించేశారట. చిప్పు కొత్తగా మెరుస్తుంటే అనుమానం వచ్చి గట్టిగా అడిగితే ఒప్పుకున్నారు. పాత చిప్పు ఏదంటే చెత్తబుట్ట చూపించారు. ఆ బుట్టలో చెయ్యి పెట్టి వెతికి, మళ్లీ బోర్డులో పెట్టించి తెచ్చుకున్నారాయన.

"మీకు చెబితే మీరూ రాసేస్తారు. అప్పుడది మీ మాట అవుతుంది, మా అమ్మాయి మాట అవదు కదమ్మా. దానంతట అది రావాలి. వస్తే నేను గుర్తుపడతాను."

లోపలి గదిలోంచి జోగారావు గారు పిలిచారు. "వనితా, ఎందుకమ్మా అంత పీక్కుంటావ్? ఎలాగోలా ఆ లైనేంటో కనుక్కుని కొత్త చిప్పులో కొట్టి ఇచ్చేయ్. పెద్దాయనకి తేడా ఏం తెలుస్తుంది?" అన్నారు.

"తెలిసింది సార్. తెలిసినందుకే మనదాక వచ్చిండు."

ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. పైకి అనలేదు, జీతం ఇచ్చేది ఆ కాకే మరి.

ముందు చిప్పులో ఏముందో చదువుదామని చూశాను. చదవనివ్వలేదు. హైందవి తాళం వేసి పెట్టింది. సెంటర్లకి తిరిగే పిల్లల్లో తెలివైనవాళ్లు చేసే పని అది. ఒకడు రాత్రింబవళ్లు కూర్చుని రాసిన ప్రోగ్రామ్‌ని పక్కవాడు పొద్దున్నే చిప్పులోంచి తోడేసి తన పేరు పెట్టుకుంటాడు కాబట్టి, తాళం వేసి గానీ చిప్పుని బయటికి తియ్యరు. తాళం పడితే లోపలున్నది తుడిచెయ్యవచ్చు గానీ చదవలేం. ఇంట్లో కంప్యూటర్లో కాపీ ఉందేమో అని అడిగితే, ఎండాకాలంలో కరెంటు ఎగిరెగిరి పాత డిస్కు కాలిపోయిందన్నారు. అంటే ఆ పిల్ల మాట ప్రపంచం మొత్తం మీద ఈ ఒక్క చిప్పులోనే ఉంది. వేలెడంత నల్లటి ముక్క, దానికి రెండు పక్కలా కాళ్లు.

బోర్డుని మా కంప్యూటర్‌కి తగిలించి ఆన్ చేశాను. ఆయన చెప్పినట్టే గడులు, సున్నాలు పడ్డాయి.

ఇలాంటి చెత్త వస్తే మేం మొదట అనుమానించేది వేగాన్ని. చిప్పు ఒక వేగంతో చెబుతుంటే కంప్యూటర్ ఇంకో వేగంతో రాసుకుంటే అక్షరాలు ముక్కలై పడతాయి. అన్ని వేగాలూ మార్చి చూశాను. ఏ వేగంలోనూ తేటపడలేదు. పైగా ఒక విచిత్రం గమనించాను. వేగం తేడా అయితే చెత్త కూడా పద్ధతిగా వస్తుంది, ఎన్నిసార్లు ఆన్ చేసినా అదే చెత్త. ఇక్కడ ఆన్ చేసిన ప్రతిసారీ కొత్త చెత్త పడుతోంది. మనిషి ఒకే అబద్ధం పదిసార్లు చెబితే కారణం పట్టుకోవచ్చు, పూటకో అబద్ధం చెబితే ఎక్కడని పట్టుకుంటాం?

కేబుల్ మార్చాను. కరెంటు సరిగ్గా అందుతోందా అని మీటరు పెట్టి చూశాను, అందుతోంది. బోర్డుకీ కంప్యూటర్‌కీ మధ్య ఎర్త్ వైరు తెగిందేమో అని చూశాను, బాగానే ఉంది. మధ్యలో వోల్టేజీ మార్చే చిప్పు తీసేసి కొత్తది గుచ్చాను. మళ్లీ చెత్తే. నేను ఒక్కొక్కటి మార్చినప్పుడల్లా చలపతిరావు గారు తెర వైపు ఒంగేవారు, మళ్లీ వెనక్కి జారగిలబడేవారు. ఆయన వైపు చూడకుండా పని చెయ్యడం నేర్చుకున్నాను.

చివరికి దొరికింది బోర్డు మూల వెలుగుతున్న చిన్న ఎర్ర లైటు వల్ల. అది సెకనుకోసారి మెరవాలి. మెరుస్తోంది గానీ లయ తప్పుతోంది, ఒకసారి తొందరగా, ఒకసారి ఆలస్యంగా. చిప్పుకి లయ అందించేది పక్కనే ఉండే క్రిస్టల్ అనే చిన్న లోహపు డబ్బా. దాని లెక్కనిబట్టే చిప్పు ఒక్కో అక్షరం పంపుతుంది. ఆ లెక్క తప్పితే ఇక మాట ఎక్కడ నిలుస్తుంది? పక్క గల్లీవాళ్లు గుచ్చిన కొత్త చిప్పు, క్రిస్టల్‌తో పనిలేకుండా తన లోపలి లెక్కతోనే నడిచే రకం అయ్యుండాలి.

భూతద్దం పెట్టి చూశాను. క్రిస్టల్ కింద, దాని రెండు కాళ్ల మధ్య, ఎర్రగా గడ్డకట్టి ఉంది. తడి తగిలి, ఆరి, మళ్లీ తడి తగిలి పేరుకున్నట్టు ఉంది.

"ఎవరు సార్ దీని మీద రంగు పోసింది? బుద్ధి ఉండాల్నా వద్దా? కరెంట్ పోయే తావుల ఎవలన్న..." అంటూ గోటితో గీకాను. గోటికి ఎర్రటి పొడి అంటింది. పసుపు వాసన, దానిలోపల కర్పూరం వాసన. అప్పటికి గానీ నా బుర్రకి ఎక్కలేదు.

చలపతిరావు గారు గోడ వైపు చూస్తున్నారు. "అది మా ఆవిడ పెట్టే బొట్టమ్మా," అన్నారు.

రోజూ స్నానం చేసి, కుంకుమ నీళ్లతో కలిపి, ఉంగరపు వేలితో పెడతారట. దేవుడి పటాల తర్వాత బోర్డుకి. "మొత్తంలో వెండిలా మెరిసేది అదొక్కటే కదా. అదే మొహం అనుకుంది పాపం."

నాకు ఒక్కసారిగా ఊపిరి వచ్చినట్టయింది. ఇంతే కదా అనిపించింది. "ఏం ఫికర్ లేదు సార్. కడిగేస్త, క్రిస్టల్ మారుస్త. గీ బొట్టు ఒక్కటి పెట్టద్దని అమ్మకు చెప్పుండ్రి, అయిపోయె," అన్నాను.

"చెప్పకూడదమ్మా."

"ఎందుకు సార్?"

కింద మెస్సులో పళ్లేల చప్పుడు, రోడ్డు మీద షేర్ ఆటోవాడు పంజాగుట్ట పంజాగుట్ట అని అరవడం, అన్నీ వినపడుతున్నాయి.

"అమ్మాయికి పచ్చకామెర్లు వచ్చాయి. కామెర్లకి పసరే మందని మా వాళ్లందరూ అన్నారు. మాలో అందరం పసరుకే వెళతాం, నాకూ చిన్నప్పుడు దానితోనే తగ్గింది. మా ఆవిడ తెప్పించి తన చేత్తో తాగించింది. ఉప్పు లేదు, నూనె లేదు, అన్నం లేదు, కఠిన పత్యం. తగ్గుతోందనే అనుకున్నాం. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైందన్నారు. లివర్ పోయిందన్నారు." కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "తాగించింది తనే గానీ తెప్పించమన్నది నేను కూడా. ఆ మాట ఎంత చెప్పినా వినదు. పొద్దున లేచి కుడిచెయ్యి చూసుకుంటూ కూర్చుంటుంది. ఇప్పుడు ఈ మాట కూడా నీ చేత్తోనే ఆగిందని ఎలా చెప్పను? ఒకసారి అయింది చాలమ్మా. ఇంకోసారి తట్టుకోలేదు."

నేను మళ్లీ బోర్డు వైపు తిరిగాను.

చిప్పుని సాకెట్లోంచి మెల్లగా పైకి తీశాను. క్రిస్టల్ వైపున్న కాళ్లు చిలుం పట్టిన ఇత్తడి చెంచాలా పచ్చబడి ఉన్నాయి. ఇంకొన్నాళ్లు ఇలాగే తడి తగిలితే ఆ కాళ్లు తెగిపోతాయి. తెగితే ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఆ మాట ఆయనకి చెప్పాను, దాచలేదు. మెత్తటి పళ్లు తోమే బ్రష్షు స్పిరిట్‌లో ముంచి పసిపిల్ల చెవులు తుడిచినట్టు తుడిచాను. పాత క్రిస్టల్ ఊడదీశాను. కొత్తది అతుకుతుంటే ఆయన పాతదాన్ని బల్ల మీంచి తీసుకుని, అంటుకున్న కుంకుమతో సహా చొక్కా జేబులో వేసుకున్నారు.

"ఆన్ చేస్తున్న సార్," అన్నాను.

తెర మీద ఒక్క లైను పడింది. ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటలు. నేను పైకి చదివేశాను, చదివాక గానీ ఏం చదివానో నాకు అందలేదు.

అమ్మా వచ్చేశా. అన్నం పెట్టు.

కాలేజీ నుంచి వచ్చి సంచీ కుర్చీలో పడేసి, వంటింట్లోకి కేకేసే పిల్ల నా కళ్లముందు కనపడింది. బోర్డు పనిచేస్తోందో లేదో చూడటానికి ఆ పిల్లకి తోచిన మొదటి మాట అది. ఆ తర్వాత అన్నం అడిగితే పత్యమన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"ఇదే," అన్నారు చలపతిరావు గారు. తెరకి బాగా దగ్గరగా జరిగి, మొదటిసారి చూస్తున్నవాడిలా ఒక్కో అక్షరం చూశారు. "ఇంకోసారి వెయ్యమ్మా." వేశాను. ఇంకోసారి పడింది. నా ఏడుపు విని బయటికొచ్చిన జోగారావు గారు తెర చూసి, ఆయన్ని చూసి, ఒక్క మాట అనకుండా లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నారు.

బోర్డుని మళ్లీ కుంకుమ నుంచి కాపాడాలి. కిందికి వెళ్లి ఫుట్‌పాత్ మీద మూతున్న ప్లాస్టిక్ డబ్బా, లోపలున్నది బయటికి కనపడేది, కొనుక్కొచ్చాను. వైర్లకి కన్నాలు కాల్చి బోర్డుని లోపల బిగించాను. దుమ్ము వల్ల పాడైందని, ఇక మూత తియ్యకూడదని చెప్పాలనుకున్నాం. చెప్పాల్సింది నేను.

"నేను చెబితే నమ్మదమ్మా. నా మొహం చూసి అబద్ధం పట్టేస్తుంది, పెళ్లయిన కొత్తలోనే పట్టేసింది," అన్నారాయన.

నాకు నిజం చెప్పడమే సరిగ్గా రాదు, తిట్టినట్టుంటుంది. అబద్ధం ఎలా చెబుతానో అనుకుంటూనే ఆయనతో బయల్దేరాను. షేర్ ఆటోలో ఆయన డబ్బాని ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతుల్తో కాస్త పైకి లేపి పట్టుకున్నారు.

పంజాగుట్టలో మెయిన్ రోడ్డు వెనక మేడ మీద వాటా. రత్నమాల గారు తలుపు తీశారు. మనిషి సగమయ్యారని చూడగానే తెలుస్తోంది, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అయినా నన్ను చూసి మొదట అడిగింది, "పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా అమ్మా?" అనే.

హైందవి గదిలో కంప్యూటర్ మీద పూల గుడ్డ కప్పి ఉంది. గోడకి పిల్ల ఫోటో, నవ్వుతూ, పక్క పన్ను కాస్త వంకర. నేను వైర్లు తగిలిస్తుంటే ఆవిడ డబ్బా వైపే చూస్తున్నారు. చలపతిరావు గారు గడప అవతలే నిలబడ్డారు. మాకు చోటు ఇవ్వడానికి అనుకున్నాను.

"దీన్ని డబ్బాలో పెట్టారేంటమ్మా?"

"దుమ్ము అమ్మా. దుమ్ము పడే చెడిపోయింది. మూత అస్సలు తియ్యొద్దు," అన్నాను. నా గొంతు నాకే చీదరగా వినపడింది.

దీపం వెలిగించి వచ్చారు. స్విచ్ ఆవిడే వేశారు. లైను పడింది. పెదాలు కదుపుతూ చదివారు, మళ్లీ చదివారు. "వచ్చావా తల్లీ," అన్నారు తెరతో. అంతే, వంటింట్లోకి వెళ్లి కంచంతో వచ్చారు. వేడి అన్నం, దోసకాయ పప్పు, పక్కన ఆవకాయ, నెయ్యి. మెతుకు కింద పడకుండా తెర ముందు పెట్టారు.

అయిపోయిందనుకున్నాను. ఆవిడ దేవుడి గూటిలోంచి కుంకుమ భరిణె తెచ్చారు. పంచపాత్రలో వేలు తడిపారు. డబ్బా మూత మీద చెయ్యి వేసి, "ఇన్నాళ్లకి మాట్లాడింది. మొహాన బొట్టు లేకుండా ఎలా ఉంచుతాం?" అన్నారు.

మూత తెరుచుకుంది. తడి వేలి కొసన ఎర్రగా కుంకుమ. నేను గుమ్మం వైపు చూశాను. నాలుక చివరికి వచ్చేసింది, ఆపండమ్మా, చంపేస్తారు దాన్ని అని. చెబితే ఈ మనిషి పోతుంది, చెప్పకపోతే ఆ మాట పోతుంది.

"రత్నం, ఆగు," అన్నారు చలపతిరావు గారు గడప అవతలి నుంచే. "దుమ్ము కాదు. ఆ అమ్మాయి నన్ను కాపాడటానికి అలా చెప్పింది. నేనే పాడుచేశాను. తుడుద్దామని తడిగుడ్డ పెట్టాను, నీళ్లు లోపలికి దిగాయి. నీకు చెప్పడానికి భయమేసింది. తడి తగిలితే ఇక ఎప్పటికీ పలకదట."

ఆవిడ వేలు గాల్లోనే ఆగింది. భర్త వైపు తిరిగారు. తర్వాత మొదలుపెట్టారు.

"బుద్ధి ఉందా మీకు? కాపురానికి వచ్చినప్పట్నుంచీ ఒక్క గ్లాసు కడిగిన పాపాన పోలేదు, మీకు తుడవడానికి నా కూతురి బోర్డే దొరికిందా? అది నామీద కోపమొచ్చి పలకట్లేదని నేను కుమిలి చస్తుంటే, ఎదురుగా కూర్చుని పేపరు చదువుకున్నారే! నోట్లో నాలుక లేదా? ఇన్ని వారాలు మనిషి తిండి మానేస్తే చూస్తూ ఊరుకున్నారా?"

ఆయన తలొంచుకుని నిలబడ్డారు. తిట్లు పడుతున్న మనిషి మొహం అంత తేటగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ వేలు కొంగుకి తుడుచుకున్నారు. మూత పెట్టి గట్టిగా నొక్కారు. "ఇక దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. నేను కూడా ముట్టుకోను," అన్నారు.

ఆ రాత్రి ఆవిడ తిన్నారు. తెర ముందున్న కంచం తెచ్చుకుని మా మధ్య కూర్చుని, మెతుకు మిగలకుండా తిన్నారు. మధ్యమధ్యలో గుర్తొచ్చినట్టు ఆయన్ని ఇంకో మాట అనేవారు. ఆయన మారు వడ్డించుకుని, పెరుగన్నం కూడా తిని, వేళ్లు నాకారు. దావత్‌లో కూర్చున్నట్టే అనిపించింది నాకు. మా అమ్మకి చెప్పాలనుకున్నాను, అబద్ధం కూడా ఒక్కోసారి మంచిదేనని.

వెళతానంటే రత్నమాల గారు నాకు బొట్టు పెట్టి, ఆ ఆకుపచ్చ పట్టుముక్క చేతిలో పెట్టారు. వద్దన్నా వినలేదు. మెట్ల దాకా వచ్చారు. మెట్లు కూడా దిగి, కింద గేటు దాకా వచ్చారు. పైన చలపతిరావు గారు గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినపడుతోంది.

"కుంకుమే కదూ?" అన్నారు.

నేను గేటు గడియ పట్టుకుని ఉండిపోయాను.

"ఆయన ఆ గదిలోకి రారమ్మా. అది పోయినప్పట్నుంచీ ఒక్కరోజు కూడా ఆ గడప దాటలేదు. బోర్డుని మీ దగ్గరికి తేవడానికి కూడా నేనే చుట్టి చేతికిచ్చాను. తడిగుడ్డ పెట్టడానికి ఎప్పుడు వెళ్లారట?" ఆవిడ గొంతులో కోపం లేదు, ఇందాకటి అరుపు లేదు. "వెండి బిళ్ల కింద ఎర్రగా పేరుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. నిండుగా ఉందనుకున్నాను. ఇవాళ మూత తీసి చూస్తే అక్కడ కడిగేసి ఉంది, బిళ్ల కూడా కొత్తది."

"అమ్మా..." అన్నాను.

కుడిచెయ్యి ముందుకు పెట్టి వీధిలైటు వెలుతురులో చూసుకున్నారు. "పసరు పోసింది ఈ చెయ్యే. అన్నం పెట్టమని కాళ్లు పట్టుకుంటే పత్యమని కంచం లాగేసింది ఈ చెయ్యే. పోయాక కూడా అది రోజూ అన్నం పెట్టు అని అడుగుతుంటే, దాని నోట్లో కుంకుమ కుక్కిందీ ఈ చెయ్యే."

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. ఎముకలు తగిలాయి.

"నాకు తెలిసిపోయిందని ఆయనకి చెప్పకమ్మా," అన్నారావిడ. "అంతలా తిట్టకపోతే నమ్మినట్టు ఉండదని తిట్టాను. నన్ను గట్టెక్కించానని అనుకుని పాపం ఇవాళ కడుపునిండా తిన్నారు. ఎన్నాళ్లయిందో ఆయన మారు వడ్డించుకుని."

పైనుంచి ఆయన కేక వేశారు, "రత్నం, పాలు తోడు పెట్టావా?" అని. "వస్తున్నా," అని ఆవిడ కళ్లు తుడుచుకుని, గొంతులో మళ్లీ ఆ విసురు తెచ్చుకుని, మెట్లెక్కి వెళ్లిపోయారు.

మర్నాడు జోగారావు గారు నా బల్ల దగ్గరికి వచ్చి, పెద్దాయన బోర్డులో అసలు ఫాల్ట్ ఏంటని అడిగారు. సరిగ్గా చెబితే వచ్చే బ్యాచ్‌కి పాఠంలో చెప్పొచ్చన్నారు.

"నీళ్లు దిగినయి సార్," అన్నాను. "సారే తడిగుడ్డతో తుడిచిండంట."

"మగాళ్లకి ఇంటిపని చెబితే అంతేలే," అని నవ్వుకుంటూ ఆయన వెళ్లిపోయారు. నేను తల దించుకుని ఇంకో బోర్డు ముందుకు లాక్కున్నాను.